ఒట్టో కోపం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకే సినిమాకి రెండు తీర్పులు

మన అపార్ట్‌మెంట్లలో ఒకాయన తప్పకుండా ఉంటాడు. పొద్దున్నే లేచి పార్కింగ్ అంతా ఒక రౌండ్ వేస్తాడు, ఎవరి బండి గీత దాటిందో చూస్తాడు, తడి చెత్త డబ్బాలో ప్లాస్టిక్ కవర్ కనబడితే అది ఏ ఫ్లాట్‌దో తేల్చేదాకా వదలడు. అసోసియేషన్ మీటింగ్‌లో ఆయన లేచి నిలబడగానే మిగతావాళ్ళు ఫోన్లు తీస్తారు. భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడ వెనకాలే వచ్చి, "ఆయన మాటలు పట్టించుకోకండి" అని నవ్వుతూ సర్దిచెప్పేది. ఆవిడ పోయాక ఆ మాట చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఆయన కోపం ఒక్కటే మిగిలింది.

పిట్స్‌బర్గ్ దగ్గర ఒక చిన్న కాలనీలో అలాంటాయన పేరు ఒట్టో ఆండర్సన్. సినిమా పేరు 'ఎ మ్యాన్ కాల్డ్ ఒట్టో'. 2022 డిసెంబరు 29న అమెరికాలో కొన్ని థియేటర్లలో, 2023 జనవరి 13న దేశమంతా విడుదలైంది. టామ్ హ్యాంక్స్ హీరో, మార్క్ ఫోర్స్టర్ దర్శకుడు, స్క్రీన్‌ప్లే డేవిడ్ మాగీ. దానికి ముందు 2015లో హానెస్ హోల్మ్ తీసిన స్వీడిష్ సినిమా 'ఎ మ్యాన్ కాల్డ్ ఊవే' ఉంది, ఆ రెండిటికీ మూలం 2012లో ఫ్రెడ్రిక్ బాక్‌మన్ రాసిన నవల. భార్య పోయింది, ఉద్యోగం కూడా పోయింది, ఇక బతకడం ఎందుకని తీర్మానించుకున్న ఒక ముక్కోపి పెద్దాయన. ఎదురింట్లోకి కొత్తగా దిగిన కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలు నిండు గర్భిణి, ఏదో ఒక పని మీద రోజూ వచ్చి ఈయన తలుపు కొడుతూనే ఉంటుంది. కథ ఇంతే. ముగింపు దాకా మాట్లాడబోతున్నాను కాబట్టి ఇంకా చూడనివాళ్ళు, చూడాలనుకునేవాళ్ళు చూసొచ్చి చదవండి.

ఇంత మామూలు కథ మీద వచ్చిన తీర్పులు మాత్రం మామూలుగా లేవు. సమీక్షలన్నీ పోగుచేసి అంకె కట్టే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో విమర్శకులు ఇచ్చింది 100కి 51, అంటే అత్తెసరు మార్కులు. అదే సినిమాకి థియేటర్ల దగ్గర ప్రేక్షకుల్ని అడిగి గ్రేడ్ ఇచ్చే సినిమాస్కోర్ సంస్థ 'ఏ' ఇచ్చింది. అలాంటిదే ఇంకో వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్‌లో విమర్శకుల అంకె 70 శాతం దగ్గర ఆగితే ప్రేక్షకుల అంకె 90 దాటిపోయింది. ఇలాంటి తేడా కనబడగానే మనం రెండు వర్గాలుగా విడిపోతాం. విమర్శకులకి గుండె లేదని ఒక వర్గం, జనానికి టేస్ట్ లేదని ఇంకో వర్గం. రెండూ తప్పే అని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ అంకెల సంగతి చూడాలి.

రాటెన్ టొమాటోస్ 70 శాతం అంటే సినిమాకి నూటికి 70 మార్కులు వచ్చాయని కాదు. వంద మంది రాస్తే అందులో 70 మంది చూడొచ్చు అన్నారని అర్థం. అద్భుతం అన్నవాడికీ, పర్లేదు అన్నవాడికీ అక్కడ ఒకటే ఓటు. మెటాక్రిటిక్ లెక్క వేరు, ఎవరు ఎంత ఇష్టంగా రాశారన్నది తూచి సగటు తీస్తుంది. అందుకే 70కీ 51కీ వైరుధ్యం లేదు, రెండూ కలిపి చదివితే "చాలామంది చూడొచ్చు అన్నారు, కానీ ఎక్కువమంది గట్టిగా మెచ్చుకోలేదు" అని తేలుతుంది. ఇక సినిమాస్కోర్ అడిగేది విడుదలైన తొలిరోజు టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళని. టామ్ హ్యాంక్స్ ముసలాయన పాత్రలో ఏడిపిస్తాడట అని తెలిసి, ఏడవడానికే డబ్బు పెట్టి వచ్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి కావలసింది దొరికింది, 'ఏ' ఇచ్చారు. అందులో మోసమేమీ లేదు. విమర్శకుడు మాత్రం ఆ వారం తన వంతుకి వచ్చిన సినిమా చూడాలి, దాని మీద రాయాలి. మన దగ్గర శుక్రవారం మధ్యాహ్నానికల్లా 2.75 రేటింగ్ ఎలా ఇచ్చారని జరిగే గొడవలో కూడా ఎక్కువ భాగం ఇలా వేరువేరు వాటిని కొలిచే అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటం వల్ల వచ్చేదే.

అంకెలు పక్కన పెడితే అసలు చిక్కు ఒక మాట దగ్గర ఉంది. సెంటిమెంట్.

తెలుగు సినిమా వాళ్ళు "సెంటిమెంట్ బాగా పండింది" అంటారు. అది మెచ్చుకోలు. మదర్ సెంటిమెంట్, సిస్టర్ సెంటిమెంట్ అని విడివిడిగా లెక్కపెట్టుకుంటాం, కథ చెప్పేటప్పుడే నిర్మాత "సెంటిమెంట్ ఎక్కడుంది?" అని అడుగుతాడు. ఇంగ్లీషు విమర్శలో అదే మాట చాలాసార్లు తిట్టు. ఒక సినిమాని సెంటిమెంటల్ అన్నారంటే, అది మన నుంచి తీసుకున్న కన్నీళ్ళకి తగినంత పని చెయ్యలేదని, సంగీతం పెంచి, పిల్లిని చూపించి, పాత ఫొటో తీసి పని కానిచ్చేసిందని ఫిర్యాదు. ఏడిపించడం నేరమని కాదు. ఈ తేడా తెలియకపోతే ఒట్టో మీద వచ్చిన సమీక్షలు చదువుతున్నప్పుడు వీళ్ళకి మనుషులంటే ఇష్టం లేదేమో అనిపిస్తుంది.

ఈ తగాదా కొత్తదీ కాదు. 1773లో నాటక రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఇంగ్లండ్‌లో ఇదే విషయం మీద ఒక వ్యాసం రాశాడు, నవ్వించే కామెడీకీ ఏడిపించే కామెడీకీ మధ్య పోలిక అని. అప్పటికి అర్ధ శతాబ్దం ముందు 1722లో రిచర్డ్ స్టీల్ రాసిన నాటకంతో లండన్ రంగస్థలం మీద మంచివాళ్ళ కష్టాలు చూపించి కన్నీళ్ళు పెట్టించే కామెడీ ఊపందుకుంది. గోల్డ్‌స్మిత్‌కి నచ్చనిది ఏమిటంటే, ఆ నాటకాల్లో పాత్రలందరూ మంచివాళ్ళే, వాళ్ళ లోపాలని కూడా మనం చప్పట్లు కొట్టి క్షమించేస్తాం, ఇక నవ్వడానికి ఏం మిగిలింది అని. రెండున్నర శతాబ్దాల తరవాత ఒట్టోకి వచ్చిన సమీక్షల్లో సారాంశం దాదాపు ఇదే. ఈయన లోపాలన్నీ లోపల్లోపల మంచితనమే అని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంటే ఈయన మారాడని మనం సంతోషించడానికి ఏముంది?

మన వైపు నుంచి ఇంకో పాత మాట గుర్తొస్తుంది, ఈ సినిమా విషయంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ పుడతాయని చెప్పాడు. కోపంలో ఎవరో ఏదో చేస్తారు, దాని ఫలితం చూసి మనకి దుఃఖం కలుగుతుంది, అది సహజమైన దారి. ఒట్టో కథ ఈ దారిని తిరగేస్తుంది. ఇక్కడ ముందు ఉన్నది దుఃఖం, అది పైకి కోపంగా కనబడుతోంది, ప్రేక్షకుడు ఆ కోపం చూసి నవ్వుతున్నాడు, నవ్వుతూ నవ్వుతూ అడుగున ఉన్న దుఃఖం దగ్గరికి చేరాలి. పైగా తరవాతి ఆలంకారికులు హాస్యానికి కరుణ విరోధి అన్నారు, సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు ఆ మాట స్పష్టంగానే చెప్పాడు. అంటే పడని రెండు రసాల్ని ఒకే మనిషిలో పెట్టి, మధ్యలో కోపాన్ని వంతెనగా వేసి నడిపించాలి. ఆ వంతెన గట్టిగా ఉండాలంటే ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి ఒంటికి తగిలేలా తెలియాలి.

స్వీడిష్ సినిమాకీ అమెరికన్ సినిమాకీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది, విమర్శకుల 51 మార్కులకి మూలం కూడా ఇక్కడే ఉందని నేననుకుంటున్నాను. స్వీడిష్ సినిమాకి అదే రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం దాకా, మెటాక్రిటిక్‌లో 70 దాకా వచ్చింది. అదే కథ, అదే కన్నీళ్ళు, అదే పిల్లి. విమర్శకులకి ఏడుపంటే గిట్టకపోతే అప్పుడూ గిట్టకూడదు కదా.

ఊవే గతం చూడండి. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి రైల్వేలో పనివాడు, తక్కువ మాట్లాడే మనిషి, ఇంజన్ల గురించి కొడుక్కి నేర్పేవాడు. కొడుకు మంచి మార్కులు తెచ్చుకున్న రోజున, ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆ సంతోషంలోనే రైలు కిందపడి పోతాడు. కుర్రవాడు అదే రైల్వే యార్డులో పనికి చేరి నాలుగు దశాబ్దాలు పైన అక్కడే పనిచేస్తాడు. మునిసిపాలిటీ వాళ్ళు పడగొట్టాలని చూస్తున్న తండ్రి ఇల్లు మంటల్లో పోతుంది. తరవాత రైల్లో సోన్యా పరిచయం, పెళ్ళి, స్పెయిన్ ప్రయాణం, బస్సు ప్రమాదం, కడుపులో బిడ్డ పోవడం, ఆవిడ వీల్ చెయిర్‌కి పరిమితం కావడం. ఊవే కనబడిన ప్రతి అధికారికీ ఉత్తరాలు రాస్తాడు, ఎవరూ బాధ్యత తీసుకోరు. టీచర్ చదువు చదివిన సోన్యాకి, బడి మెట్లు ఎక్కలేదు కాబట్టి ఉద్యోగం రాదు. అప్పుడు ఆయన రాత్రికి రాత్రి వానలో తడుస్తూ ఒక్కడే ఆ బడికి ర్యాంప్ కడతాడు.

ఆ ర్యాంప్ చూశాక ఆయన పొద్దున్నే కాలనీలో తిరిగి గేట్లు లాగి చూడటం మనకి చాదస్తంగా అనిపించదు. ప్రపంచంలో ఎవరూ తమ పని తాము చెయ్యలేదు కాబట్టి తన భార్యకి అన్యాయం జరిగిందని నమ్మిన మనిషి, తన చేతిలో ఉన్న ఆ నాలుగు వీధుల్లోనైనా ప్రతి పనీ సరిగ్గా జరగాలని పట్టుబట్టడం అది. కోపానికి అడ్రసు దొరికింది.

ఊవే తిట్టే తెల్లచొక్కాలవాళ్ళు, అంటే ప్రభుత్వ ఉద్యోగులు, స్వీడన్ ప్రేక్షకులకి ఊరికే విలన్లు కారు. 1928లో అక్కడి సోషల్ డెమోక్రాట్ పార్టీ నాయకుడు పేర్ అల్బిన్ హాన్సన్ పార్లమెంటులో దేశమంటే అందరి ఇల్లు అని, మంచి ఇంట్లో సవతి బిడ్డలు ఉండరని మాట్లాడాడు. ఫోల్క్‌హెమ్మెట్ అంటారు ఆ భావాన్ని, ప్రజల ఇల్లు. ఊవే ఆ ఇంట్లో పెరిగిన మనిషి, రూల్స్ పాటిస్తే ఇల్లు మనల్ని చూసుకుంటుందని నమ్మినవాడు. జబ్బుపడి మాటా కదలికా పోయిన పాత స్నేహితుడు రూనేని భార్య దగ్గర్నుంచి లాక్కుని హోమ్‌లో వేస్తామని ఆ ఇంటి మనుషులే వస్తే, ఊవే కోపంలో ఒక దేశం తన మాట తప్పిందన్న బాధ కూడా కలిసి ఉంటుంది. కోటి మంది జనాభా ఉన్న దేశంలో 16 లక్షలకి పైగా టికెట్లు తెగడానికి ఇది ఒక్కటే కారణమని అనను, కానీ ఇది కూడా కారణమే.

కార్ల గొడవ అందులో భాగమే. ఊవే స్వీడన్ కంపెనీ సాబ్ కార్ల మనిషి, రూనే ఇంకో స్వీడన్ కంపెనీ వోల్వో మనిషి, ఏళ్ళ తరబడి ఒకడు కొత్త మోడల్ కొంటే ఇంకొకడు తన కంపెనీలో దానికంటే పెద్దది కొనడం, చివరికి రూనే బీఎండబ్ల్యూ కొనేసరికి స్నేహం తెగిపోవడం. థియేటర్‌లో నవ్వులు ఖాయం. అయితే నవల రావడానికి కొన్ని నెలల ముందే, 2011 డిసెంబరులో సాబ్ కార్ల కంపెనీ దివాలా తీసింది. ఆ సంగతి తెలిసి నవ్వేవాడి నవ్వులో తడి ఉంటుంది. అమెరికన్ సినిమాలో దీన్ని షెవర్లే, ఫోర్డ్ అని మార్చారు, ఆ స్నేహితుడు చివరికి టొయోటా కొంటాడు. ఒక రకంగా ఇది చాలా కచ్చితమైన మార్పు, ఎందుకంటే సాబ్ చాలాకాలం షెవర్లేని తయారుచేసే జనరల్ మోటార్స్ చేతిలోనే ఉంది, వోల్వో కార్లు 1999 నుంచి 2010 దాకా ఫోర్డ్ చేతిలో ఉన్నాయి. కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన మార్పు తెర మీద జోకుగానే మిగిలిపోయింది, ఎందుకంటే షెవర్లే ఎక్కడికీ పోలేదు, రోజూ రోడ్డు మీద కనబడుతూనే ఉంది.

విలన్ని కూడా మార్చారు. అమెరికాలో ఆ జబ్బుపడ్డ స్నేహితుణ్ణి ఇంట్లోంచి పంపించాలని చూసేది ప్రభుత్వం కాదు, ఇళ్ళు కొని కట్టి అమ్మే ప్రైవేటు కంపెనీ. ఇది సరైన మార్పే, అక్కడి భయం అదే కాబట్టి. కానీ స్వీడిష్ కథలో ఒక మనిషికీ వ్యవస్థకీ మధ్య జీవితకాలం నడిచిన తగువు, అమెరికన్ కథలో రెండో సగంలో వచ్చి సోషల్ మీడియా వీడియోతో తేలిపోయే చిక్కుగా కుదించుకుపోయింది. ఇక ఒట్టో బాల్యం లేదు. తండ్రి మరణం మన కళ్ళ ముందు జరగదు. యువకుడిగా గుండె జబ్బు వల్ల సైన్యంలోకి తీసుకోకపోవడం దగ్గర ఆయన గతం మొదలవుతుంది, తరవాత రైలు, సోన్యా, పెళ్ళి, నయాగరా ప్రయాణంలో ప్రమాదం. గతంలో ప్రేమ ఉంది, కోపం పెరిగిన క్రమం లేదు. ఆ క్రమం తీసేసి ఆ చోటు కన్నీళ్ళతో నింపితే సెంటిమెంటల్ అనే మాట పడక తప్పదు. విమర్శకుల్లో చాలామంది ఇది చాలా తేలిగ్గా, ఊహించినట్టే నడిచిందని ఫిర్యాదు చేశారు. నన్నడిగితే ఊహించగలగడం ఇక్కడ తప్పు కాదు, స్వీడిష్ సినిమా కూడా ఊహించినట్టే నడుస్తుంది. ఊహించిన చోటికి వెళ్ళే దారిలో మట్టి తీసేశారు, అది తప్పు.

టామ్ హ్యాంక్స్ గురించి వచ్చిన విమర్శ కూడా దీనికి దగ్గరి చుట్టమే. ఊవేగా చేసిన రోల్ఫ్ లాస్‌గార్డ్ స్వీడన్‌లో వలాండర్ లాంటి పోలీసు పాత్రలతో పేరు తెచ్చుకున్న భారీ మనిషి, ఆయన గుమ్మంలో నిలబడితే గుమ్మం నిండిపోతుంది, నోరు తెరవకముందే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఆ పాత్రకి ఆయనకి స్వీడన్ జాతీయ సినిమా అవార్డు గుల్డ్‌బాగె వచ్చింది. హ్యాంక్స్‌కి ఆ భయం పుట్టించడం కష్టం. ఇంకా కష్టం ఎందుకంటే ఇదే పిట్స్‌బర్గ్‌లో, 2019 సినిమాలో ఆయన ఫ్రెడ్ రోజర్స్‌గా నటించాడు. రోజర్స్ అంటే అమెరికా పిల్లలందరికీ ప్రపంచంలోకెల్లా మంచి పొరుగింటాయన, ఆయన టీవీ కార్యక్రమం తయారైంది కూడా ఆ ఊళ్ళోనే. మూడేళ్ళ తరవాత అదే మనిషి అదే ఊళ్ళో చెడ్డ పొరుగింటాయన అంటే ప్రేక్షకుడు లోపల్లోపల "కాసేపు ఆగు, నవ్వుతాడు" అనుకుంటూనే కూర్చుంటాడు. అయితే ఈ విమర్శని నేను పూర్తిగా ఒప్పుకోను. ఒంటరిగా ఉన్న సీన్లలో, ముఖ్యంగా భార్య సమాధి దగ్గర కూర్చుని రోజు విశేషాలు ఇంట్లో మాట్లాడినట్టు చెప్పేటప్పుడు, హ్యాంక్స్ చాలా తక్కువ చేసి చాలా ఎక్కువ రాబట్టాడు. యువ ఒట్టోగా ఆయన కొడుకు ట్రూమన్ హ్యాంక్స్‌ని పెట్టడం మాత్రం సినిమాకి మేలు చెయ్యలేదు. పోలిక ఉంది, కానీ కెమెరా విభాగంలో పనిచేసే ఆ కుర్రాడికి నటన అలవాటు లేదని తెలిసిపోతూ ఉంటుంది. అసలే పలచబడిన గతం, మొయ్యాల్సినవాడికి అనుభవం లేకపోవడంతో ఇంకా పలచబడింది.

ఇప్పుడు కష్టమైన విషయం. ఈ కథలో హాస్యంలో పెద్ద భాగం ఒక మనిషి చనిపోవాలని ప్రయత్నించడం, ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి అడ్డుపడటం. నిచ్చెన అడగడానికి ఒకరు, ఆస్పత్రికి తీసుకెళ్ళమని ఇంకొకరు. కొంతమంది విమర్శకులకి ఇది మింగుడు పడలేదు, ఆత్మహత్యని పదేపదే జోకు ముందుమాటలా వాడుకుంటున్నారని, ప్రతి ప్రయత్నాన్నీ పాత జ్ఞాపకంలోకి వెళ్ళే తలుపులా వాడటం ఇంకా ఇబ్బందిగా ఉందని రాశారు. ఆ రెండో అభ్యంతరం నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. చావు అంచున వెచ్చటి కాంతిలో భార్య నవ్వు కనబడుతుంటే, చూసేవాడి మనసు ఏ స్థితిలో ఉందో సినిమాకి తెలియదు కదా. మరో వైపు, భాగస్వామి పోయాక ఒంటరైన పెద్దవాళ్ళలో ఈ ఆలోచన నిజంగా వస్తుంది, ఇళ్ళలో దాని పేరు ఎత్తడానికి కూడా భయపడతాం, "పెద్దాయన కదా, బెంగ పెట్టుకున్నాడు" అని ఊరుకుంటాం. ఒక పెద్ద స్టార్ ఉన్న కుటుంబ సినిమా ఆ పేరు ఎత్తింది. ఆయన్ని ఆపినవి ఉపన్యాసాలు కావు, పక్కింటివాళ్ళ చిన్న చిన్న అవసరాలు. ఆ మాట నాకు నిజంగా నచ్చింది. (మీకు తెలిసినవాళ్ళెవరైనా అలాంటి స్థితిలో ఉంటే మన దేశంలో టెలీ మానస్ 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.)

ఎదురింటి ఇల్లాలి దగ్గరికి వద్దాం. స్వీడిష్‌లో ఆమె ఇరాన్ నుంచి వచ్చిన పర్వానే, బహార్ పార్స్ చేసింది. అమెరికన్‌లో ఆమె మరిసోల్, మెక్సికో నటి మరియానా ట్రెవిన్యో. సినిమా నచ్చనివాళ్ళు కూడా ట్రెవిన్యోని మెచ్చుకున్నారు, దాదాపు అందరూ ఒప్పుకున్న విషయం అదొక్కటే. ఆమె ఒట్టో కసురుకుంటుంటే భయపడదు, జాలిపడదు, పళ్ళెంలో వంట తెచ్చి చేతిలో పెట్టి తన గోడు చెప్పుకుని వెళ్ళిపోతుంది. మన ఇళ్ళలో ఇలాంటి మావగార్లని దారిలో పెట్టే కోడళ్ళు అచ్చం ఇలాగే చేస్తారు.

దీని మీద కూడా ఒక అభ్యంతరం ఉంది, బరువైనదే. వలస వచ్చిన స్త్రీ, ట్రాన్స్ కుర్రాడు మాల్కమ్, నల్లజాతి పొరుగువాళ్ళు, వీళ్ళందరూ ఒక తెల్లజాతి ముసలాయన మనసు కరగడానికే కథలో ఉన్నారా, వాళ్ళకంటూ సొంత బతుకు ఉందా అని. ఇక్కడ 2008లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన 'గ్రాన్ టొరినో' పోలిక వస్తుంది. అందులోనూ భార్య పోయిన ముసలాయనే, ఫోర్డ్ ఫ్యాక్టరీలో రిటైరైనవాడు, పక్కింట్లో ఆగ్నేయాసియా నుంచి వలస వచ్చిన హ్మోంగ్ జాతి కుటుంబం. ఆయన జాతి ద్వేషం బయటికి వినిపిస్తుంది, వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది, అందుకే ఆయన మారడానికి ఖరీదు ఉంది. ఒట్టోకి అలాంటి మచ్చ ఏదీ లేకుండా రాశారు. ఆయన ద్వేషించేది తప్పుగా పార్క్ చేసినవాళ్ళని మాత్రమే. మాల్కమ్ తన సంగతి చెప్పుకుంటే ఒట్టో ఒక్క క్షణం కూడా తడబడడు. ఆయన భార్య పాఠం చెప్పిన పిల్లాడు కాబట్టి అని కారణం చూపించారు, అది హాయిగానే ఉంది, కానీ ఎవరినీ నొప్పించని ముక్కోపిని తయారుచేశాక ఆయన కోపంలో ఇంక కోపం ఏముంటుంది? ఇది గోల్డ్‌స్మిత్ ఫిర్యాదే, కొత్త బట్టల్లో.

ఈ కోవ సినిమాల్లో విమర్శకులు నెత్తిన పెట్టుకున్నవీ ఉన్నాయి. 2002లో జాక్ నికల్సన్ చేసిన 'అబౌట్ ష్మిట్', 2009లో కాన్ ఉత్సవాన్ని ప్రారంభించిన యానిమేషన్ సినిమా 'అప్'. 'అప్' మొదట్లో ఒక దంపతుల జీవితమంతా కొన్ని నిమిషాల్లో మాటల్లేకుండా చూపిస్తారు, ఆ తరవాత ఆ ముసలాయన ఎంత విసుక్కున్నా మనకి కారణం తెలుసు, మళ్ళీ మళ్ళీ గుర్తుచెయ్యక్కర్లేదు. మన దేశంలో 2015లో వచ్చిన 'పీకూ'లో అమితాబ్ చేసిన భాస్కర్ బెనర్జీ కూడా భార్య పోయిన సతాయింపు మనిషే, ఆయన చివరిదాకా మారడు, కూతురు ఆయన్ని అలాగే భరిస్తుంది, అలాగే ప్రేమిస్తుంది. ఆ సినిమా చూసి ఏడ్చినవాళ్ళు ఎందుకు ఏడ్చారో వెంటనే చెప్పలేరు. ఒట్టోలో అయితే ఏడవాల్సిన చోటు ముందే తెలిసిపోతుంది. సంగీతం అక్కడికి చెయ్యిపట్టుకుని తీసుకెళ్తుంది. సినిమాలో డాక్టరు ఒట్టో గుండె మరీ పెద్దదని చెబితే మరిసోల్ పగలబడి నవ్వే సీన్ ఉంది, జబ్బు పేరునే పెద్ద మనసు అనే మాటతో ముడిపెట్టే జోక్ అది. నాకు ఆ నవ్వు నచ్చింది, ఆ మాటని అక్కడితో వదలకపోవడం నచ్చలేదు.

ఇంత చెప్పాక ప్రేక్షకుల వైపు ఏముందో కూడా అంతే శ్రద్ధగా చూడాలి. 5 కోట్ల డాలర్లతో తీసిన ఈ సినిమా ప్రపంచమంతా కలిపి 11 కోట్ల డాలర్లు దాటింది, అదీ పెద్దవాళ్ళ కోసం తీసిన డ్రామాలు వరసగా పడిపోతున్న రోజుల్లో. స్పీల్‌బర్గ్ సొంత కథ 'ది ఫేబుల్‌మన్స్'కే జనం రాలేదు. కోవిడ్ తరవాత థియేటర్ మొహం చూడని పెద్ద వయసువాళ్ళు ఈ సినిమాకి కదిలొచ్చారు. వాళ్ళకి స్వీడిష్ సినిమాతో పోలిక లేదు, చాలామందికి అది ఉందని కూడా తెలియదు. వాళ్ళు తెర మీద చూసుకున్నది ఒట్టో గతాన్ని కాదు, తమ గతాన్ని. సినిమా ఖాళీగా వదిలిన చోట వాళ్ళ నాన్న, వాళ్ళ అన్నయ్య, నలభై ఏళ్ళు పక్క మీద ఎడమవైపు పడుకుని ఇప్పుడు కూడా కుడివైపు జరగలేని ఎవరో ఒకరు వచ్చి కూర్చున్నారు. విమర్శకుడు సినిమా ఎంత తెచ్చిందో లెక్కపెడతాడు, ప్రేక్షకుడు తను తెచ్చుకున్నది కూడా కలిపి లెక్కపెడతాడు, అందుకే రెండు మొత్తాలు కలవవు. ఇది చెబుతున్నప్పుడు నేను ఎవరినీ తక్కువ చెయ్యడం లేదు. కాకపోతే సినిమా పనితనం గురించి మాట్లాడేటప్పుడు ప్రేక్షకుడు తెచ్చుకున్నది సినిమా ఖాతాలో వెయ్యకూడదు.

మన తెలుగువాళ్ళకి ఈ సినిమాతో చిన్న చుట్టరికం ఒకటుంది. హ్యాంక్స్ భార్య రీటా విల్సన్ దీనికి నిర్మాతల్లో ఒకరు, ఆవిడ సెబాస్టియన్ యాత్రాతో కలిసి పాడిన పాట ఆ ఏడాది ఆస్కార్ తొలి వడపోత 15 పాటల్లో 'నాటు నాటు' పక్కనే నిలబడింది. చివరి అయిదింటికి చేరలేదు. స్వీడిష్ ఊవేకి మాత్రం అంతకుముందు రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, విదేశీ భాషా చిత్రం ఒకటి, మేకప్ ఇంకొకటి. ఒట్టోకి ఒక్కటీ రాలేదు.

మళ్ళీ రెండూ వరసగా చూశాను, ఈసారి కన్నీళ్ళ కోసం కాకుండా ఎక్కడ సినిమా మాట్లాడకుండా ఊరుకుందో చూద్దామని. స్వీడిష్‌లో అలాంటి చోట్లు చాలా ఉన్నాయి. అమెరికన్‌లో తక్కువ, కానీ ముగింపు దగ్గర ఒకటి ఉంది, రెండు సినిమాల్లోనూ ఒకేలా ఉంది. ప్రతి శీతాకాలం, మంచు పడిన ప్రతి పొద్దున, ఆయన ఇంటి ముందు దారి ఎనిమిది కొట్టేలోపు శుభ్రంగా ఉంటుంది. ఆ రోజు ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తుంది. దారి మీద మంచు అలాగే ఉంది, దాని మీద అడుగు జాడ కూడా లేదు. ఆవిడ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెడుతుంది.

నాకు ఒట్టోలో ఏడుపు వచ్చింది అక్కడ. ఆ తరవాత ఆయన రాసి పెట్టిన ఉత్తరం చదువుతారు, అక్కడ రాలేదు.